రెండు ఇత్తడి బిళ్లల మందం

జహీరాబాద్‌లో బీదర్ రోడ్డు మీద ఉన్న ఈరయ్య రేకుల షెడ్డుకు బోర్డు లేదు. ఒకసారి రాయించుకుందామని పెయింటర్ దగ్గరికి పోయాడు. ఏం రాయాలని అతనడిగితే చాలాసేపు గోడ వైపు చూసి తిరిగొచ్చాడు. "ఇక్కడ ఇంజన్లు బాగు చేయబడును" అంటే అబద్ధం, అన్ని ఇంజన్లూ ఆయన ముట్టడు. "పాత ఇంజన్లు మాత్రమే" అంటే నిజం. కాని ఆ నిజాన్ని రంగుల్లో రాయించుకుని రోడ్డు మీద నిలబెట్టుకునే ధైర్యం ఆయనకు లేదు. భార్య ఎల్లమ్మకు అంతకన్నా లేదు.

పాత ఇంజన్ అంటే ఆరు గుర్రాల డీజిల్ ఇంజన్. రెండు పెద్ద చక్రాలు, పక్కన నీళ్ల డ్రమ్ము, హాండిల్ తిప్పితే డుగ్గు... డుగ్గు... అని ప్రతి దెబ్బకూ ముందు కాసేపు ఆలోచించుకుని కొట్టే స్వభావం. మొదట దాన్ని చేసింది ఏదో సీమదొరల కంపెనీ. ఆ తర్వాత కంపెనీని ఎవరూ అడగలేదు, కంపెనీ కూడా ఎవరినీ ఆపలేదు. ఉత్తరాదిన ఊరికో పోత కార్ఖానా దాన్ని చూసి అలాంటిదే పోసింది. ఒకడు చక్రం బరువు పెంచాడు, ఇంకొకడు నీళ్ల దారి మార్చాడు. చివరికి అది ఎవడిదీ కాని ఇంజన్ అయింది, అంటే అందరిదీ అయింది. అరవైల్లో జహీరాబాద్ చుట్టుపక్కల బావుల మీదికి అలాంటివి డెబ్బై దాకా వచ్చాయి. వాటి నీళ్లతో చెరుకు పెరిగింది, అల్లం పెరిగింది, కొందరికి మీసాలు కూడా పెరిగాయి.

ఎనభై ఒకటిలో ఆ ఇంజన్ చచ్చిపోయింది. బావుల దగ్గర కాదు, అక్కడ అది డుగ్గు డుగ్గుమంటూనే ఉంది. బజార్లో అమర్నాథ్ సేటు దుకాణం గోడ మీద చచ్చిపోయింది. కొత్త ఇంజన్లు అమ్మే ఆ దుకాణం ముందు ఇంగ్లిషులో అచ్చేసిన కాగితం ఒకటి అంటించారు. పాత మోడలు బంద్, సామాను రాదు, రిపేరు చేయబడదు, రైతు సోదరులు కొత్త మోడలుకు మారి సహకరించవలెను. కోహీర్ నుంచి వచ్చిన నర్సప్ప దాన్ని ఎవరితోనో చదివించుకున్నాడు.

"గీ ముచ్చట మా ఇంజన్‌కు ఎవలన్న చెప్పిన్రా సేటూ? అది పొద్దుగాల గూడ నీళ్లు పోసింది."

"నువ్వే చెప్పు పటేలా. నీ మాటైతే ఇంటది," అన్నాడు అమర్నాథ్ కళ్లద్దాలు తుడుచుకుంటూ.

నర్సప్ప ఇంజన్‌కు చెప్పలేదు. ఈరయ్యకు చెప్పాడు. ఆ డెబ్బై ఇంజన్ల వాళ్లకూ చెప్పుకోవడానికి ఉన్నది ఈరయ్య ఒక్కడే. ఈరయ్య ఎవరికి చెప్పుకోవాలో ఎవరూ ఆలోచించలేదు.

ఈరయ్య చదువు నాలుగో తరగతి. మిగతాది ఇంజన్ల కింద పడుకుని చదువుకున్నాడు. షెడ్డు ముందు గుంజకు ఒక లావు నోటుబుక్కు దారంతో వేలాడుతుండేది. అట్ట ఎప్పుడో చిరిగిపోతే సిమెంటు సంచి కాగితం వేశాడు. డెబ్బైలో మొదలుపెట్టిన బుక్కు అది. ఏ ఊరి ఇంజన్‌కు ఏ రోగం వచ్చింది, ఏం చేస్తే కుదరలేదు, ఏం చేస్తే కుదిరింది, అన్నీ అందులో ఉండేవి. దారిన పోయే ఏ మెకానిక్ అయినా వచ్చి, బుక్కు తెరిచి, కావలసింది రాసుకుని పోవచ్చు. ఫీజు లేదు. ఒకటే షరతు. అది ఈరయ్య మొదటి పేజీలోనే రాశాడు, చదవని వాళ్లకు నోటితో చెప్పేవాడు.

"చూస్కోన్రి, రాస్కపోన్రి. ఏమన్న మార్చి చేస్తే మాత్రం మల్లొచ్చి దీంట్ల రాయాలె. మంచిగైనా రాయాలె, ఖరాబైనా రాయాలె. ఒకలు రాసింది ఇంకొకలు కొట్టెయ్యద్దు. కింద రాయాలె."

తన విద్యను గుంజకు వేలాడదీసి, పట్టుకుపోయే వాళ్లకు కూర్చోవడానికి స్టూలు కూడా వేసే మనిషి బాగుపడతాడని ఎవరూ అనుకోలేదు. అందరి అంచనాకూ తగ్గట్టే ఈరయ్య బాగుపడలేదు.

ఆ బుక్కులోని కొలతలు చూస్తే ఇంజనీరింగ్ చదివిన వాళ్లకు కడుపునొప్పి రావాలి. వాల్వు సందు, కొత్త పోస్టుకార్డు మందం. రబ్బరు ముక్క, పాత చెప్పు మడమంత. ఈరయ్య దగ్గర కొలిచే పరికరాలు లేవు. రైతు దగ్గరా ఉండవు. ఏ ఊళ్లోనైనా దొరికే వస్తువుతోనే కొలవాలని ఆయన పట్టు. అన్నిటికన్నా పేరుపడ్డ వైద్యం పన్నెండో పేజీలో ఉండేది. ఇంజన్ వేగాన్ని అదుపులో పెట్టే స్ప్రింగు ఒకటుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది సాగుతుంది, ఇంజన్ మెల్లబడుతుంది, నీళ్లు సగానికి పడిపోతాయి. కొత్త స్ప్రింగు దొరకదు కాబట్టి దాని కింద ఇనుప వాషరు ఒకటి పెట్టి బిగించాలి. ఎంత మందం? "పది పైసల బిళ్లలు రెండు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంతో అంత." ఈరయ్య చేతిరాత. ఆ పేజీతో నలభై బావులకు మళ్లీ నిండుగా నీళ్లు వచ్చాయి.

ఆ పేజీ అడుగున నాలుగు వరుసలు కన్నడంలో ఉండేవి. బీదర్ నుంచి అప్పుడప్పుడూ వచ్చే రేవణసిద్ధప్ప అనే మెకానిక్ డెబ్బై అయిదులో రాసినవి. రాసి ఊరుకోకుండా రెండు ఇత్తడి రంగు పది పైసల బిళ్లలకు బెజ్జాలు పెట్టి, బుక్కు దారానికే కట్టి పోయాడు. గాలి వీస్తే అవి టింగుమనేవి. ఎల్లమ్మకు ఆ చప్పుడంటే ఒళ్లు మంట.

ఎల్లమ్మకు ఒళ్లు మండించే వాటిలో బిళ్లలు చిన్న విషయం. పెద్ద విషయం నర్సప్ప లాంటి వాళ్లు. నర్సప్ప ఇంజన్‌కు ఈరయ్య పన్నెండేళ్లలో పిస్టన్ రింగుల నుంచి నీళ్ల డ్రమ్ము దాకా అన్నీ మార్చాడు. నర్సప్ప మాత్రం వచ్చినప్పుడల్లా బాకీ ఉన్నది ఈరయ్యే అన్నట్టు వచ్చేవాడు.

"ఈరన్నా, నీకు చెప్పి చెప్పి నా నోరు నొస్తున్నది. బటన్ ఒత్తితే చాలయ్యేటట్టు చెయ్యరాదూ? సేటు కాడి కొత్తవన్నీ గట్లనే ఉన్నయి."

"గట్లైతే కొత్తదే కొనుక్కో పటేలా."

"కొత్తది నాకెందుకు? మూడేండ్లకే మూలకు వడ్తదంట. నాకు పాతదే కావాలె. కని కొత్తదాని లెక్క ఉండాలె."

"పాతది చెడిపోకుంట చూస్త. దానికి కొత్త ఏషాలు కట్ట. రేపు నేను లేనప్పుడు మీ కోహీర్ల ఎవడన్న దాన్ని ఇప్పితే, లోపల ఏమున్నదో వానికి ఎర్కగావాలె గద."

"ఊకె చేసిపెడ్తున్నవని నీ మాటలు పడ్తున్నం," అన్నాడు నర్సప్ప చాలా ఓపికతో. "పైసలు ఇచ్చెటోళ్లమైతే పడుదుమా?"

ఎనభై మూడు ఎండాకాలంలో అమర్నాథ్ సేటు ఈరయ్యకు కబురు పెట్టాడు. వెళ్తే కుర్చీ చూపించాడు. పదమూడేళ్లలో ఆ దుకాణంలో ఈరయ్య కూర్చోవడం అదే మొదలు. కొత్త వర్క్‌షాపు పెడుతున్నాడట. మేస్త్రీగా ఉండాలట. నెల జీతం, జేబు మీద దుకాణం పేరు కుట్టిన ఖాకీ చొక్కా. రెండే మాటలు. పాత ఇంజన్ ముట్టకూడదు. ఆ బుక్కు గుంజ మీది నుంచి దిగి సేటు బీరువాలోకి రావాలి.

"చచ్చినదాన్ని ఎన్నొద్దులు మోస్తవు మిస్త్రీ? నువ్వు ముడితేనే గద వాళ్లు కొత్తది కొంటలేరు," అన్నాడు అమర్నాథ్. ఇన్నేళ్లలో ఈరయ్య పనికి ఎవరైనా ఇచ్చిన మెప్పు అదొక్కటే.

ఈరయ్య పదిహేను రోజుల గడువు అడిగి ఇంటికొచ్చాడు. ఎల్లమ్మ అంతా విని, చేట కింద పెట్టి, పైకప్పు చూపించింది.

"ఊర్ల ఇంజన్లన్నీ మంచిగున్నయి. మనింటి రేకే కారుతున్నది. దానికి గూడ నీ బుక్కుల ఒక పేజీ రాయరాదూ?"

ఈరయ్య ఒప్పుకుందామనే అనుకున్నాడు. ఒప్పుకునేవాడే కూడా. ఆ ఖాకీ చొక్కా జేబు ఆయనకు రెండు రోజులు కళ్లముందే కదిలింది.

మూడో రోజున సేటు గుమాస్తా కాగితాలు పట్టుకుని షెడ్డుకు వచ్చాడు. బుక్కు చూస్తానన్నాడు. ఈరయ్య స్టూలు వేశాడు, మంచినీళ్లు ఇచ్చాడు, అతని కలంలో సిరా అయిపోతే తన కలం ఇచ్చాడు. గుమాస్తా సాయంత్రం దాకా కూర్చుని రాసుకుని పోయాడు. వారం తిరగకముందే సేటు దుకాణంలో చిన్న చిన్న పొట్లాలు వేలాడాయి. "స్పెషల్ వాషరు. పాత ఇంజన్‌కు కొత్త ప్రాణం." చచ్చిపోయిందని తానే గోడకు కాగితం అంటించి, ఆ కాగితం కిందనే ప్రాణం అమ్మిన ఘనత జహీరాబాద్ బజారులో అమర్నాథ్‌దే. ఈరయ్య బుక్కులో మాత్రం సేటు ఒక్క వరుసా రాయలేదు.

రైతులు ఎగబడి కొన్నారు. ఈరయ్య ఊరికే చేసేదాని మీద లేని నమ్మకం పొట్లంలో ఉన్నదాని మీద ఉంటుంది. పన్నెండు మంది కొన్నారు. నర్సప్ప కూడా కొన్నాడు. చిరాగ్‌పల్లి బస్వరాజ్ పొట్లం కొని, ఇంటికి పోయి, తానే విప్పి బిగించుకున్నాడు. హాండిల్ తిప్పాడు. ఇంజన్ రెండు నిమిషాలు బుద్ధిగా కొట్టుకుంది. తర్వాత ఆలోచించడం మానేసింది. డుగ్గు డుగ్గు పోయి ఏకధాటిగా అరుపు అందుకుంది. ఆపుదామని బస్వరాజ్ దగ్గరికి వెళ్లేసరికి బెల్టు తెగి కొరడాలా వచ్చి కుడి ముంజేతిని కొట్టింది. ఎముక విరిగింది.

మర్నాడు కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడదీసుకుని బస్వరాజ్ నేరుగా సేటు దుకాణానికి పోయాడు. అమర్నాథ్ చాలా బాధపడ్డాడు. కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు.

"మేం ఒక్క అక్షరం మార్చలే పటేలా. ఈరయ్య బుక్కుల ఎట్లున్నదో గట్లనే వాషర్లు కోయించినం. నడువు, ఆయననే అడుగుదాం."

అట్లా పది గంటలవేళ షెడ్డు ముందు పంచాయితీ కూడింది. బస్వరాజ్ వచ్చాడు. గుమాస్తాను వెంటబెట్టుకుని సేటు వచ్చాడు. తన పొట్లం సంగతేమిటో తేలుతుందని నర్సప్ప వచ్చాడు. రోడ్డున పోయే ఇరవై మంది పనేమీ లేకున్నా వచ్చారు. లోపల ఎల్లమ్మ గోడకు ఆనుకుని నిలబడింది.

సేటు బుక్కు తెరిపించి పన్నెండో పేజీ గట్టిగా చదివించాడు. జేబులోంచి పది పైసల బిళ్లలు రెండు తీశాడు. పొట్లంలోని వాషరు పక్కన ఒకదాని మీద ఒకటి పెట్టాడు. వెంట్రుకంత తేడా లేదు.

"అందరు చూడున్రి. రాసింది ఈయన. కోసింది నేను. కొలత సరిపోయింది. మరి తప్పెవలిది?" గొంతు తగ్గించి, జాలిగా, "అయినా నేనేం కాదనను మిస్త్రీ. నౌకరి నౌకరే. ఆ బుక్కు ఇటియ్యి. నా బీరువల పడి ఉంటది. ఇంకెవల చెయ్యి ఇరగదు."

ఇరవై మంది తలలూ ఊగాయి. మాట న్యాయంగానే వినిపించింది. బుక్కు బీరువాలోకి పోతే డెబ్బై ఇంజన్లకూ తెలిసిందంతా అందులోకే పోతుందని ఊగిన తలల్లో ఒక్కదానికీ తట్టలేదు. ఈరయ్య సేటు బిళ్లలు చేతిలోకి తీసుకుని, దారానికి వేలాడే రెండు ఇత్తడి బిళ్లల పక్కన పెట్టాడు. సేటువి తెల్లగా, లావుగా ఉన్నాయి. ఇత్తడివి సన్నగా ఉన్నాయి. రెండేసి కలిపితే తేడా గోరంత. స్ప్రింగుకు గోరంత చాలు.

"కిందిది చదవలేదా?" అన్నాడు గుమాస్తాతో.

"అది కన్నడం గద. మనకు పనికిరాదనుకున్న."

కన్నడం, తెలుగు అక్షరాలు అక్కాచెల్లెళ్లు. తల కొంచెం వంచి ఓపిగ్గా చూస్తే కూడబలుక్కోవచ్చు. సేటు దుకాణంలో తల వంచే అలవాటు లేదు. బస్వరాజ్‌ది మాత్రం అటు సరిహద్దు నుంచి వచ్చిన కుటుంబం, ఇంట్లో కన్నడమే. ఎడమ చేత్తో బుక్కు దగ్గరికి లాక్కుని మెల్లగా చదివి, అందరికీ తెలుగులో చెప్పాడు.

"తెల్ల బిళ్ల వచ్చిందట. అది లావుందట. దాంతోని కొలిచి పెడితే ఈయన చేతులనే ఒక ఇంజన్ పిచ్చెత్తిందట. కొలిస్తే ఇత్తడి బిళ్లతోనే కొలవాలంట. రెండు దారానికి కట్టిన, చూస్కోన్రి అని రాసిండు రేవణసిద్ధప్ప." అడుగున తారీఖు కూడా చూశాడు. "ఎనిమిదేండ్ల కిందట రాసిండు."

గుంపు తల ఇటునుంచి అటు తిరిగింది. "చెయ్యి ఇరగ్గొట్టి బీరువ జూపిస్తున్నవా సేటూ?" అన్నాడు నర్సప్ప, అంతవరకూ తానే ఈరయ్య పక్షాన ఉన్నట్టు. అమర్నాథ్ కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఈరయ్య ఇక ఏమీ చేయనక్కరలేదు. నోరు మూసుకుని నిలబడితే చాలు. లోపలి నుంచి ఎల్లమ్మ సరిగ్గా ఆ పనే చేయమని కళ్లతో చెబుతోంది.

జీవితంలో ఒక్కసారి నోరు మూసుకుంటే సరిపోయే అవకాశం వస్తే, ఈరయ్య నోరు తెరిచాడు.

"నాది గూడ తప్పే."

"ఏందీ?" అన్నాడు నర్సప్ప.

"ఆ కన్నడం నేను అప్పుడే చదివిన. తెలుగుల గూడ కింద ఒక మాట రాయాలనుకున్న. దారానికి బిళ్లలున్నయి గద, ఎవలకైనా కనవడ్తది అని ఊకున్న. రేపు రేపనుకుంట ఎనిమిదేండ్లు అయింది. మొదాలు సర్కారు బిళ్లను నమ్మి కొలత రాసుడే తప్పు. వాళ్లు మారిస్తె మారుతది గద."

అమర్నాథ్ కళ్లద్దాలు టక్కున ముక్కు మీదికి ఎక్కాయి. "ఇన్నరా? ఆయన నోటితోనే ఒప్పుకున్నడు! ఇగ నాకు సంబంధం లేదు." గుమాస్తాను వెంటబెట్టుకుని, గెలిచినవాడి నడకతో వెళ్లిపోయాడు. వెళ్లేముందు ఈరయ్య కలం చాపి, "షరతు ఉన్నది సేటూ, ఏమైందో జర రాసి పోండ్రి," అంటే, ఎవరో అడుక్కుంటుంటే పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

కలం అట్లా గాలిలో ఉండిపోయింది. దాన్ని బస్వరాజ్ తీసుకున్నాడు. ఎడమ చేత్తో, ఒకటో తరగతి పిల్లవాడిలా వంకర టింకర అక్షరాలతో, తెలుగులో రాశాడు. "తెల్ల బిళ్లతోని కొలిచిన వాషరు పెడితే నా చెయ్యి ఇరిగింది. ఇత్తడి బిళ్లతోనే కొలవాలె. బస్వరాజ్, చిరాగ్‌పల్లి." రాసి కలం తిరిగిచ్చాడు.

"మరి నా ఇంజన్ ఎప్పుడు చూస్తవు?"

"నాతోనే చేపిస్తవా పటేలా?"

"తప్పు నాది అన్నోడు ఈడ నువ్వొక్కనివే. ఇంకెవని కాడికి పోవాలె?"

జనం విడిపోయాక ఎల్లమ్మ బయటికి వచ్చి, చీపురు తీసుకుని, వాళ్లు తొక్కిన మట్టిని కోపంగా ఊడ్చింది.

"నోరు మూసుకుంటే ఏం పోతుండె?"

"ఇంక పదకొండు పొట్లాలు బావుల కాడ ఉన్నయి," అన్నాడు ఈరయ్య. అది ఆమె ప్రశ్నకు జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ మధ్యాహ్నమే ఇంజన్ విప్పే పానాలు మూటగట్టుకుని సైకిలెక్కాడు. మొదట చిరాగ్‌పల్లి. తర్వాత ఎవరూ పిలవకపోయినా ఝరాసంగం, కోహీర్, మధ్యనున్న ఊళ్లు. ప్రతి బావి దగ్గరా లావు వాషరు తీసి, తాను ఆకురాయితో అరగదీసిన సన్నది పెట్టాడు. దండలు వేసినవాళ్లు లేరు. ఒకాయన కుక్కను విప్పాడు. నర్సప్ప అయితే దారికి అడ్డం నిలబడ్డాడు.

"ఇంత జోరుగ నడుస్తుంటే ఎందుకు ఇప్పుతున్నవన్నా? నా నీళ్లు చూసి నీకు కండ్లు మండుతున్నయా?"

"బస్వరాజ్ చెయ్యి చూసినవు గద పటేలా."

"ఆయన పైలం లేడు. నేనుంట."

ఈరయ్య వాదించకుండా విప్పాడు. బిగించాక, నీళ్లు తగ్గాయని నర్సప్ప ఒక ఏడాది అందరికీ చెప్పుకున్నాడు.

సేటు ఇచ్చిన పదిహేను రోజుల గడువు దాటిన రోజున ఈరయ్య ఏడో బావి దగ్గర ఉన్నాడు. గడువు సంగతి ఇంటికి వచ్చి చెయ్యి కడుక్కుంటుంటే గుర్తొచ్చింది. ఖాకీ చొక్కా వేరే ఎవరి ఒంటి మీదికో ఎక్కింది. ఎల్లమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు నిచ్చెన తెచ్చి గోడకు ఆనించి, "ఎక్కు," అంది. ఈరయ్య ఎక్కి రేకు సరిచేశాడు. అది కూడా పాత రేకే. కొత్తది వేయకుండా పాతదాన్నే అతుకు పెట్టాడు. ఎల్లమ్మ కింద నిలబడి నెత్తి కొట్టుకుంది.

అన్ని బావులూ అయ్యాక ఈరయ్య చేసిన మరో పని, ఇత్తడి బిళ్లలు రెండూ కలిపితే ఎంత మందమో అంతకు ఒక ఇనుప ముక్క ఆకురాయితో అరగదీసి, గొలుసుతో గుంజకు బిగించడం. పన్నెండో పేజీలో, బస్వరాజ్ రాత కింద రాశాడు. "పైన నేను రాసిన బిళ్ల కొలత నమ్మొద్దు. గుంజకున్న ఇనుప ముక్కతో కొలవాలి. ఆలస్యంగా రాసినందుకు తప్పు నాది. ఈరయ్య." ఈ దేశంలో ఎన్నో పెద్ద పెద్ద పుస్తకాలు అచ్చవుతాయి. వాటిలో ఇట్లాంటి వాక్యం ఉన్నవి ఎన్ని ఉన్నాయో వెతుక్కోవాలి.

మరుసటి ఎండాకాలానికి సేటు దుకాణంలో మళ్లీ పొట్లాలు వేలాడాయి. ఈసారి పసుపు కాగితం. "మెరుగుపరచిన కొలత. నిపుణులచే పరీక్షింపబడినది." గుమాస్తా మళ్లీ ఎప్పుడు వచ్చి కొలుచుకుని పోయాడో ఈరయ్య చూడలేదు. ఎవరు వచ్చినా ఆపేవాడు లేని గుంజ అది. బుక్కులో ఈసారి కూడా ఒక్క వరుస లేదు.

నర్సప్ప ఒక పొట్లం కొని, మంచిదో కాదో చెప్పమని పట్టుకొచ్చాడు. డబ్బు సేటుకు, సలహాకు ఈరయ్య. ఈరయ్య వాషరు తీసి ఇనుప ముక్క పక్కన పెట్టాడు. వేలితో తడిమాడు. వెలుతురుకు ఎత్తి చూశాడు. ఎల్లమ్మ గడపలో నిలబడి, ఈసారైనా నాలుగు తిట్లు తిడతాడేమోనని ఎదురుచూసింది.

"ఈసారి సరిగ్గ కోసిన్రు," అన్నాడు ఈరయ్య. "కొనుక్కో పటేలా. నాకు ఆకురాయి పని తప్పింది."